ట్యూరింగుకిచ్చిన మందు

2019 నవంబరు నెలాఖరున శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరాన్ని మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. ఆ మరుసటి వారమంతా మా ఆఫీసులో టీ తాగే వేళ వేరే ప్రస్తావనే లేదు. ఉరి తియ్యాలని ఒకరన్నారు, నడిరోడ్డు మీద కాల్చాలని ఇంకొకరన్నారు. నేను మాత్రం కాస్త చదువుకున్నవాడిలా మాట్లాడుతున్నానన్న భ్రమలో, “చంపడమెందుకండీ, ఇంజెక్షనిచ్చి మగతనం లేకుండా చేస్తే సరి. చాలా దేశాల్లో చేస్తున్నారు కదా” అన్నాను. నలుగురూ తలలూపారు.

మా బృందంలో వయసులో పెద్దాయన ఒకరున్నారు. అవసరమైతే తప్ప మాట్లాడరు. ఆయన టీ కప్పు కింద పెట్టి, “ట్యూరింగుకిచ్చింది కూడా అదే కదండీ” అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

నేను ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్లను నమ్ముకొని బతుకుతున్నవాణ్ణి. ట్యూరింగ్ యంత్రం మీద కాలేజీలో పరీక్ష వ్రాసి మార్కులు కూడా తెచ్చుకొన్నాను. ఆ యంత్రానికి అంతులేని టేపు ఒకటుంటుందని తెలుసు గానీ, ఆ పేరుగల మనిషికి ఏమయిందో మా పాఠ్యపుస్తకంలో లేదు. తెలుసుకోవాలని నాకూ తోచలేదు. ఆనాటి పెద్దాయన మాట చాన్నాళ్ళు ముల్లులా గుచ్చుకొంటూనే ఉంది. అప్పట్నుంచి తీరిక దొరికినప్పుడల్లా ఈ చరిత్ర చదువుతూ వచ్చాను. లైంగిక నేరస్థులను కత్తితోనూ మందుతోనూ “బాగు” చెయ్యడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర ఇది. చదివినదాన్ని ఒక వరుసలో పెట్టుకొందామని ఈ టపా. విషయం మొరటైనది, టపా పొడుగైనది. రెండింటికీ ముందే క్షమాపణలు.

*

మొదట మాటల సంగతి తేల్చుకోవాలి. ఎమర్జెన్సీ రోజుల్లో మగవాళ్ళను పట్టుకెళ్ళి చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషనుకీ, మనం మాట్లాడుకోబోయేదానికీ సంబంధం లేదు. ఆ ఆపరేషనులో వీర్యకణాలు వెళ్ళే నాళాన్ని మాత్రమే కత్తిరిస్తారు. పిల్లలు పుట్టరు, అంతే. కోరికా, శక్తీ ఎక్కడికీ పోవు. వృషణచ్ఛేదనం వేరు. అందులో వృషణాలనే తీసేస్తారు. పల్లెటూళ్ళలో పెరిగినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. కోడెకు విత్తుకొట్టించి ఎద్దును చెయ్యడం వేల ఏళ్ళుగా రైతుకు తెలిసిన విద్యే. మా తాతగారి ఊళ్ళో నేనూ చూశాను. నలుగురు మనుషులు కోడెను పడదోసి, కాళ్ళు కట్టి, పని ముగించేవారు. కొన్నాళ్ళకు అది కాడి కిందికి తల వంచేది.

ఎందుకలా అవుతుందో తెలిసింది మాత్రం ఇటీవలే. 1935లో టెస్టోస్టిరాన్ అనే హార్మోనును వృషణాల నుంచి విడిగా తీశారు. అదే సంవత్సరం ప్రయోగశాలలో తయారు చెయ్యడం కూడా నేర్చారు. మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగముంది. అది దాని కిందనున్న పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ వృషణాలకు కబురు పంపుతుంది. వృషణాలు టెస్టోస్టిరాన్‌ను రక్తంలోకి వదులుతాయి. రక్తంలో అది చాలినంత ఉంటే “ఇక చాలు” అన్న కబురు తిరిగి పైకి చేరుతుంది. గొలుసులాంటి ఈ ఏర్పాటును గుర్తుంచుకొంటే మిగతా చరిత్రంతా తేలికగా అర్థమవుతుంది. గత నూటముప్పయ్యేళ్ళలో వైద్యులు ఈ గొలుసులో ఒక్కొక్క లంకెనూ పట్టుకొని తెంపి చూశారు.

*

మొదట తెంపింది చివరి లంకెను. స్విట్జర్లండులోని జ్యూరిక్ పిచ్చాసుపత్రి అధిపతి ఆగస్ట్ ఫోరెల్ 1892లో ఒక రోగికి వృషణాలు తీయించాడు. మానసిక చికిత్స పేరిట ఐరోపాలో జరిగిన తొలి వృషణచ్ఛేదనాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు కారాగారంలో హ్యారీ షార్ప్ అనే వైద్యుడు 1899 నుంచి ఖైదీలకు వీర్యనాళాలు కత్తిరించడం మొదలుపెట్టాడు. దాని ఆధారంగా ఆ రాష్ట్రం 1907లో ఒక చట్టం చేసింది. నిర్బంధంగా సంతానం కలగకుండా చెయ్యడానికి ప్రపంచంలో వచ్చిన మొదటి చట్టం అదే. నేరమూ, బుద్ధిమాంద్యమూ, పేదరికమూ అన్నీ రక్తంలోనే ఉంటాయనీ, వంశాన్ని ఆపితే అవీ ఆగుతాయనీ ఆనాటి చదువరుల గట్టి నమ్మకం.

లైంగిక నేరాలను దృష్టిలో పెట్టుకొని వృషణచ్ఛేదనాన్ని చట్టబద్ధం చేసిన తొలి ఐరోపా దేశం డెన్మార్కు. అది 1929లో. అక్కడ రోగే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలి. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ కోపెన్‌హాగన్ దగ్గర హెర్స్టెడ్‌వెస్టర్ అనే సంస్థలో ఉంచిన నేరస్థులకు ఇంత కాలమని గడువు లేదు. వైద్యులు సరేనన్న రోజున బయటికి వస్తారు. వృషణాలు తీయించుకొన్నవాడు త్వరగా వస్తాడు. తలుపు తాళం ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరు పెట్టే సంతకాన్ని ఏమనాలన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. ఈ చరిత్రలో అది మనల్ని చివరిదాకా వదలదు.

జర్మనీలో ఆ మర్యాద కూడా లేదు. నాజీలు అధికారానికొచ్చిన ఏడాదే, 1933 నవంబరు 24న, “ప్రమాదకరమైన అలవాటు నేరస్థుల” మీద చట్టం చేశారు. అత్యాచారం, పిల్లలపై అకృత్యాలు, లైంగిక ప్రేరణతో హత్య మాత్రమే కాక, బహిరంగంగా అసభ్యంగా ప్రవర్తించడం కూడా ఆ జాబితాలో చేరింది. కోర్టు ఆజ్ఞ ఉంటే చాలు, సమ్మతి అక్కరలేదు. రెండు వేలకు పైగా మనుషులను ఆ చట్టం కింద కోశారు. 1935లో ఇంకొక సవరణ తెచ్చి స్వలింగ సంపర్కులకు “స్వచ్ఛంద” వృషణచ్ఛేదనానికి దారి తెరిచారు. ఒప్పుకోకపోతే నిర్బంధ శిబిరమనే భయం ఉన్న చోట ఆ స్వచ్ఛందమేపాటిదో చెప్పనక్కరలేదు.

అయితే ఇది పనిచేసిందా? మా ఆఫీసులో అడిగినా మొదట వచ్చే ప్రశ్న అదే. లాంగెలుడెకె అనే జర్మన్ వైద్యుడు 1963లో ప్రచురించిన పరిశీలనలో, వృషణాలు తీసి విడుదల చేసిన 1036 మందిలో మళ్ళీ లైంగిక నేరానికి పాల్పడినవారు 2.3 శాతమే. కోయకుండా విడిచినవారిలో ఆ సంఖ్య 39 శాతం. ఈ రెండంకెలు చూసి నేను కొంతసేపు కదలలేకపోయాను. మనం ఏ పక్షాన ఉన్నా ఇవి కళ్ళు మూసుకొని దాటెయ్యదగిన అంకెలు కావు. డెన్మార్కు పరిశీలనలూ ఇదే చెప్పాయి.

తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే కొన్ని సంగతులు పైకి తేలాయి. ఆ 1036 మందీ ఎవరు? నేటి చట్టంలో నేరమే కాని పనులకు శిక్షపడ్డవారూ, ఎవరినీ తాకని అసభ్య ప్రవర్తకులూ ఆ లెక్కలో కలిసి ఉన్నారు. ఎవరిని విడుదల చెయ్యాలో ఎంచింది వైద్యులే గనుక ప్రమాదం తక్కువనిపించినవారే బయటికొచ్చారు. మళ్ళీ పట్టుబడ్డవారే లెక్కకు దొరుకుతారు, పట్టుబడనివారు దొరకరు. మందు ఫలితాన్ని తేల్చడానికి నేడు చేసేటట్లు చీట్లు వేసి సగం మందికి చికిత్స చేసి, సగం మందికి చెయ్యకుండా పోల్చింది కాదది. అందువల్ల 2.3 అన్న అంకె అబద్ధం కాదు గానీ, మనమనుకొన్నంత నిజమూ కాదు. కోరిక తగ్గుతుందన్నది మాత్రం నిర్వివాదం. ఎవరి కోరిక, ఎవరు తగ్గించాలి, తగ్గితే నేరం తగ్గుతుందా అన్న మూడు ప్రశ్నలకు ఆ అంకెలో జవాబు లేదు.

*

రెండో దశ మందులది. 1938లో లండనులో చార్లెస్ డాడ్స్ బృందం స్టిల్‌బెస్ట్రాల్ అనే పదార్థాన్ని తయారు చేసింది. స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ చేసే పనిని చేసే కృత్రిమ పదార్థమిది. చవక, మాత్రగా మింగవచ్చు. మగవాడికిస్తే పిట్యూటరీకి “ఇక చాలు” అన్న కబురు అందుతుంది, వృషణాలు పని మానేస్తాయి. కత్తి అవసరం లేదు. 1949లో గొల్లా, హాడ్జ్ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు లాన్సెట్ పత్రికలో లైంగిక నేరస్థులకు హార్మోను చికిత్స గూర్చి వ్రాస్తూ, కోరిక ఒక్క నెలలో అణగిపోతుందని చెప్పారు. శరీరాన్ని కోయడం కంటే ఇది దయగల పద్ధతి అన్నది ఆనాటి భావన. నేను టీ దగ్గర అన్న మాటా అదే కదా.

ఆ దయ మూడేళ్ళకు ఏలన్ ట్యూరింగ్ దగ్గరికి వచ్చింది.

1952 జనవరిలో మాంచెస్టరు దగ్గర ఆయన ఇంట్లో దొంగలు పడ్డారు. ఆయనే పోలీసులకు ఫిర్యాదిచ్చాడు. విచారణలో, దొంగకు ఇంటి ఆచూకీ ఇచ్చిన పంతొమ్మిదేళ్ళ యువకుడితో తనకున్న సంబంధాన్ని ఆయన దాచలేదు. ఫిర్యాదు చేసినవాడు ముద్దాయి అయ్యాడు. మగవారి మధ్య “తీవ్ర అసభ్యత” నేరమనే 1885 నాటి చట్టం కింద మార్చి 31న శిక్ష పడింది. జైలుకు వెళ్తావా, ఏడాదిపాటు హార్మోను చికిత్స తీసుకొంటూ ప్రొబేషన్‌లో ఉంటావా అన్నారు. ఆయన రెండోది ఎంచుకొన్నాడు. స్టిల్‌బెస్ట్రాల్ ఇచ్చారు. మారథాన్‌లు పరుగెత్తే ఆ మనిషికి రొమ్ములు పెరిగాయి. రహస్య ప్రభుత్వ పనులకున్న అనుమతి పోయింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించడంలో ఆయన చేసిన పని లోకానికి తెలిసింది 1970లలో. 1952లో ఆయన్ను చూసినవారికి ఆయన ఒక గణిత అధ్యాపకుడూ, ఒక లైంగిక నేరస్థుడూ.

1954 జూన్ 7న, నలభైయొకటో ఏట, సైనైడు విషం వల్ల చనిపోయాడు. విచారణలో ఆత్మహత్య అని తేల్చారు. ఆ తీర్పును సందేహించినవారూ ఉన్నారు. చికిత్స ముగిసి అప్పటికి ఏడాది దాటింది గనుక మందే చంపిందని నేను వ్రాయను. ఆ మందు ఆయనకు ఇవ్వదగినదే కాదని మాత్రం వ్రాస్తాను. 2009లో బ్రిటిష్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి క్షమాభిక్ష వచ్చింది. 2017 నాటి చట్టంతో అదే నేరానికి శిక్షపడిన చనిపోయినవారందరికీ క్షమాభిక్ష వర్తించింది. 2021లో యాభై పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వచ్చింది. ఇన్ని వచ్చాయి గానీ, ఆయనకేవీ అందలేదు.

ఇక్కడ నన్ను కలవరపెట్టిన సంగతి ఒకటుంది. ట్యూరింగుకు ఆ మందు వ్రాసిన వైద్యుడు రాక్షసుడు కాడు. ఆనాటి శాస్త్రం ప్రకారం, ఆనాటి చట్టం ప్రకారం, జైలు తప్పించే మేలే చేస్తున్నాననుకొని ఉంటాడు. మందు కూడా చెప్పిన పనిని చెప్పినట్టే చేసింది. పిల్లలను చెరిచేవాడికీ ట్యూరింగుకీ తేడా ఆ మాత్రకు తెలియదు. ఆ తేడా చూడవలసింది చట్టం, అది చూడలేదు.

*

మూడో దశలో గొలుసు పైలంకె మీదికే పోయారు. పశ్చిమ జర్మనీలోని గోటింగెన్‌లో ఫ్రిట్జ్ రోడర్ అనే శస్త్రవైద్యుడు 1962 నుంచి పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని తీగను హైపోథలామస్‌లోకి దించి, అందులో కొంత భాగాన్ని కాల్చివేయడం మొదలుపెట్టాడు. ఆధారమేమిటంటే పిల్లుల మీద చేసిన ప్రయోగాలు. మొత్తం డెబ్బైయైదు మందికి ఇలా చేశారు. వారిలో స్వలింగ సంపర్కులూ ఉన్నారు. గుంటర్ ష్మిట్, ఎబర్‌హార్డ్ షోర్ష్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఆపరేషన్ల వెనకనున్న సిద్ధాంతం ఎంత బలహీనమో, రోగులను ఎంచుకొన్న తీరు ఎంత సందేహాస్పదమో ఎండగట్టారు. 1970లు ముగిసేసరికి అది ఆగిపోయింది. అదే దేశం 1969లో స్వచ్ఛంద వృషణచ్ఛేదనానికి కొత్త చట్టం చేసి, ఇరవయ్యైదేళ్ళు నిండాలనీ, నిపుణుల సంఘం అనుమతి ఉండాలనీ షరతులు పెట్టింది. నాజీల అనుభవం నుంచి నేర్చుకొన్న జాగ్రత్త అది. అయినా కత్తిని పూర్తిగా కింద పెట్టలేదు.

ఈలోగా అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ మనీ 1966లో డెపో ప్రొవెరా అనే ఇంజెక్షను వాడి చూశాడు. ఈ పేరు మన ఊళ్ళలోని ఏఎన్ఎం లకు బాగా తెలుసు. 2017 నుంచి “అంతర” అనే పేరుతో ప్రభుత్వాసుపత్రుల్లో స్త్రీలకు గర్భనిరోధకంగా మూడు నెలలకొకసారి ఇస్తున్న ఇంజెక్షనులో ఉన్నది అదే మందు. స్త్రీకి మూడు నెలలకు 150 మిల్లీగ్రాములు. అమెరికాలో ఆ పురుషులకు సాధారణంగా వారానికి 300 నుంచి 500. ఆ మందును గర్భనిరోధకంగా వాడడానికి అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది 1992లో. స్త్రీలకు సురక్షితమా కాదా అని వాళ్ళు వాదించుకొంటున్న ఆ కాలమంతా పురుష నేరస్థులకు ఇస్తూనే ఉన్నారు.

ఇలాంటి ఇంజెక్షన్ల విషయంలో మన గడ్డ మీదా ఒక పాత గొడవ ఉంది. 1985లో హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షనును ప్రయోగాత్మకంగా ఇస్తున్నారనీ, తమ మీద జరిగేది ప్రయోగమని ఆ స్త్రీలకు సరిగా చెప్పలేదనీ స్త్రీశక్తి సంఘటన వారు బయటపెట్టి, తర్వాతి ఏడాది మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఏ నేరమూ చెయ్యని స్త్రీలకే సమ్మతి సంగతి అలా ఉంటే, జైల్లో ఉన్నవాడి సమ్మతిని ఎవరు పట్టించుకొంటారు?

1996లో కాలిఫోర్నియా చట్టం చేసింది. పదమూడేళ్ళ లోపు పిల్లలపై కొన్ని లైంగిక నేరాలు చేసినవాడు పెరోల్ మీద బయటికి రావాలంటే, మొదటి నేరమైతే జడ్జి విచక్షణను బట్టి, రెండోదైతే తప్పనిసరిగా ఈ ఇంజెక్షను. అది వద్దంటే తనంతట తాను వృషణాలు తీయించుకోవచ్చు. మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. దక్షిణ కొరియా 2011లో అమలు మొదలుపెట్టింది. ఇండొనేసియా 2016లో చట్టం చేస్తే, అక్కడి వైద్యుల సంఘమే ఆ సూదిని మేం వెయ్యమంది. శిక్ష అమలు చెయ్యడం వైద్యుడి వృత్తిధర్మం కాదన్నది వారి వాదన. అమెరికాలోని లూసియానా 2024లో ఇంకొక అడుగు వేసి, కొన్ని నేరాలకు శస్త్రచికిత్సతో వృషణాలు తీయించమని జడ్జి ఆదేశించవచ్చని చట్టం చేసింది. మనం 1933లో వదిలి వచ్చామనుకొన్న మెట్టు అది.

మరొక పక్క ఇంకో గొంతు కూడా ఉంది. 1985లో దక్షిణ కారొలైనా సుప్రీంకోర్టు, ముప్పయ్యేళ్ళ జైలా, వృషణచ్ఛేదనమా అని నేరస్థులను ఎంచుకోమన్న కింది కోర్టు తీర్పును కొట్టివేసింది. అది అంగవైకల్యం కలిగించడమేననీ, రాజ్యాంగం నిషేధించిన క్రూరశిక్ష అనీ చెప్పింది. ఐరోపా మండలి వారి చిత్రహింసల నివారణ సంఘం 2009లో చెక్ రిపబ్లిక్ మీద నివేదిక వెలువరిస్తూ, పదేళ్ళలో కనీసం 94 మంది ఖైదీలకు వృషణాలు తీశారనీ, వారిలో హింసకు పాల్పడనివారూ ఉన్నారనీ వ్రాసి, ఇది మనిషిని కించపరచే పని, ఆపెయ్యమంది. చెక్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. వాళ్ళు సంతకాలు పెట్టారు కదా అంది. హెర్స్టెడ్‌వెస్టర్ తలుపు దగ్గర పుట్టిన ప్రశ్న ఎనభయ్యేళ్ళకు ప్రాగ్‌లో మళ్ళీ వినబడింది.

*

ఇక మన దేశం సంగతి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన తర్వాత కెమికల్ కాస్ట్రేషన్ అన్న మాట టీవీల్లో మారుమోగింది. డిసెంబరు 23న నియమితమైన జస్టిస్ వర్మ సంఘం సరిగ్గా నెల తిరిగేసరికి నివేదిక ఇచ్చింది. దాదాపు 80 వేల సూచనలు వచ్చాయట. సంఘం మరణశిక్షనూ వద్దంది, ఈ ఇంజెక్షనునూ వద్దంది. ఇష్టం లేని మనిషి మీద దుష్ఫలితాలున్న మందును ప్రయోగించడం హక్కుల ఉల్లంఘన అనీ, అత్యాచారానికి సమాజంలో ఉన్న మూలాలను అది తాకనైనా తాకదనీ చెప్పింది. 2013 చట్ట సవరణలోనూ, తర్వాత వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ శిక్ష లేదు. 2015లో మద్రాసు హైకోర్టు జడ్జి ఒకరు పిల్లలపై అత్యాచారాలకు ఈ శిక్షను పరిశీలించమని కేంద్రానికి సూచించారు. అంటే ఆ చర్చ ఇంకా సజీవంగానే ఉందన్నమాట.

వర్మ సంఘం మాటను మొదట చదివినప్పుడు పెద్దమనుషుల మెతకదనమనుకొన్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఢిల్లీ బస్సులో ఆ అమ్మాయి ప్రాణం తీసింది కోరిక కాదు, ఇనుప చువ్వ. టెస్టోస్టిరాన్ తగ్గితే కోరిక తగ్గవచ్చు గానీ, కక్ష, అహంకారం, ఆడది ఎదురు తిరగకూడదన్న పట్టుదల, తక్కువ కులం పిల్లను ఏం చేసినా చెల్లుతుందన్న ధీమా తగ్గవు. వాటికి ఏ గ్రంథీ లేదు. మన ప్రభుత్వ నేర గణాంకాల్లో ఏటేటా కనబడే సంగతి ఇంకొకటుంది. అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. బంధువులు, ఇరుగుపొరుగువాళ్ళు, పెళ్ళి చేసుకొంటానన్నవాళ్ళు. ఇంజెక్షను వేద్దామని మనం ఊహించుకొనే “ఉన్మాది” ఆ తొంభైలో ఎక్కడో గానీ లేడు.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టిన ఆలోచన మరొకటి. 1860లో బ్రిటిష్ వారు మనకిచ్చిన శిక్షాస్మృతిలో 377వ సెక్షనుండేది. ట్యూరింగును శిక్షించిన చట్టానికి అన్న వంటిది. ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలకు దాని నుంచి సుప్రీంకోర్టు విముక్తి ఇచ్చింది 2018 సెప్టెంబరు 6న. అంటే 2012లో నా బోటివారి మాట విని లైంగిక నేరస్థులందరికీ ఇంజెక్షను అని చట్టం చేసి ఉంటే, పుస్తకం ప్రకారం ఆ మాటలో ఎవరెవరు ఉండేవారు? ఎవరికీ హాని చెయ్యని లక్షలాది మనుషులు ఉండేవారు. 1952లో మాంచెస్టరులో జరిగింది హైదరాబాదులోనో విజయవాడలోనో జరగడానికి ఒక్క సవరణ చాలు. చట్టం తన తప్పును అరవయ్యేళ్ళకు దిద్దుకోగలదు. శరీరానికి ఆ వెసులుబాటు లేదు.

*

ఇంతా చెప్పి, మందే తప్పంటే అదీ న్యాయం కాదు. పిల్లల మీదికి మనసు పోతోందని తెలిసి, ఏ తప్పూ చెయ్యకముందే భయపడి సాయం కోరే మనుషులున్నారు. ఇజ్రాయెలులో రోస్లర్, విట్‌స్టమ్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో ముప్పై మందికి ట్రిప్టొరెలిన్ అనే ఇంజెక్షనిస్తే వారి వికృత ఊహలు దాదాపు మాయమయ్యాయి. ఎముకలు పలచబడడం వంటి బాధలు లేకపోలేదు. బెర్లిన్‌లో 2005 నుంచి అలాంటివారికి పేరు బయటపెట్టకుండా చికిత్స చేసే కార్యక్రమం నడుస్తోంది. స్వీడన్‌లో కరోలిన్‌స్కా సంస్థ వారు తమంతట తాము సాయం కోరి వచ్చిన 52 మందితో చేసిన ప్రయోగం 2020లో వెలువడింది. ఈసారి చీట్లు వేసి సగం మందికి డెగారెలిక్స్ అనే మందు, సగం మందికి ఉత్త సూది. రెండు వారాల్లోనే మందు తీసుకొన్నవారిలో ప్రమాద సూచికలు తగ్గాయి. అందులోనే ఇంకొక వాక్యం కూడా ఉంది. మందు తీసుకొన్నవారిలో ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలు పెరిగి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. వైద్యులు కనిపెట్టుకొని ఉన్నారు గనుక చేర్చారు. ట్యూరింగును అలా కనిపెట్టుకొన్నవారెవరు?

స్వీడన్‌లో ఆ తలుపు తట్టినవాడు బయటినుంచి తట్టాడు, వద్దనుకొంటే ఇంటికి పోవచ్చు. చెరసాల తలుపును లోపలినుంచి తట్టేవాడికి ఆ వీలు లేదు. గొలుసును తెంపే మందు ఇద్దరికీ ఒకటే. మొదటివాడికి అది వైద్యం, రెండోవాడికి శిక్ష. శిక్షకు వైద్యమని పేరు పెడితే శిక్ష మీద అడగవలసిన ప్రశ్నలు మనం అడగం. నేరం రుజువైందా, శిక్ష నేరానికి తగినదేనా, తప్పని తేలితే వెనక్కి తీసుకోగలమా అన్నవి ఆ ప్రశ్నలు.

టీ దగ్గర నేనామాట అన్న కొద్ది రోజులకే, డిసెంబరు 6 తెల్లవారుజామున, శంషాబాదు కేసులో నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. ఆ రోజు మా ఆఫీసులో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను. 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక, ఆ ఎన్‌కౌంటరు కథ నమ్మదగినది కాదనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ చెప్పింది. వాళ్ళు దోషులా కాదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, ఇక తేల్చదు. ఆ అమ్మాయికి జరిగిన అన్యాయం మీద నా కోపం నేటికీ తగ్గలేదు, తగ్గకూడదు కూడా. కానీ ఆ కోపంలో నేను ఇవ్వమన్న మందు గురించి నాకేమీ తెలియదన్న సంగతి ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆ పెద్దాయన తర్వాత రిటైరయ్యారు. మొన్న ఫోను చేసి, మీరన్న ఒక్క మాట మీద ఇంత వ్రాశానండీ అంటే నవ్వి, “పంపండి, చూస్తాను” అన్నారు. ఆయన కంటే ముందు మీరు చూస్తున్నారు. ఎక్కడైనా పొరబడి ఉంటే దిద్దండి. విభేదిస్తే మరీ మంచిది, మొహమాటపడకుండా చెప్పండి.